దానయ్యమ్మ అను ప్రామాణిక పవన సాధనం

మొగపేట తీర పవన మాపన కేంద్రంలో నేను స్టోర్‌కీపర్‌ని. పేరు వరహాలు. గుండుసూది నుంచి రాడార్ స్తంభం దాకా కేంద్రంలో ఉన్న ప్రతి వస్తువూ నా రిజిస్టరులో ఉండాలి. రిజిస్టరులో ఉన్న ప్రతిదీ కేంద్రంలో ఉండాలి. ఈ రెండింటిలో ఏది తప్పినా నా ఇంక్రిమెంటు ఆగుతుంది. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, నూట పద్నాలుగో నంబరు కింద గనగళ్ల దానయ్యమ్మ పేరు రాసింది నేనే. అది నా చేతిరాత కాదని నేనెక్కడా బొంకలేదు. ఎందుకు రాయవలసి వచ్చిందో మాత్రం చెప్పుకుంటాను.

మొగపేట ఉత్తరాంధ్రలో ఒక చేపల రేవు. ఏరు సముద్రంలో కలిసే మొగ పక్కన, ఇసుక దిబ్బ మీద మా కేంద్రం కట్టారు. పని, సముద్రం మీది గాలిని కొలవడం. గాలి కంటికి కనిపించదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. పెద్దలకు మాత్రం దాన్ని కొలవబోయాక తెలిసింది. ఆకాశంలో తిరిగే ఉపగ్రహం కూడా గాలిని చూడదు. గాలి వీస్తే నీటి మీద పడే ముడతలను చూసి, ఇన్ని ముడతలున్నాయి కాబట్టి ఇంత గాలి ఉండాలని లెక్కకడుతుంది. మా ఒడ్డు మీది రాడార్ చేసేదీ అదే పని, కాకపోతే పక్కనుంచి చూస్తుంది.

చిక్కల్లా ఏమిటంటే, తీరం దగ్గరపడే కొద్దీ ఉపగ్రహానికి కొండలూ ఇళ్ల కప్పులూ అడ్డొచ్చి చూపు చెదురుతుంది. ఒడ్డు నుంచి దూరం పోయే కొద్దీ రాడార్‌కు చూపు ఆనదు. రెంటికీ సగం సగం కనిపించే సముద్రపు పట్టీ ఒకటి మధ్యలో మిగిలింది. దానికి మావాళ్లు ఉమ్మడి మండలమని పేరు పెట్టారు. అందులో ఉపగ్రహం ఒకటి చెబితే రాడార్ మరొకటి చెప్పేది. మొగపేట జాలర్లు వేటాడేది సరిగ్గా అక్కడే. చేపలు అక్కడ ఉండటానికి ముందు మా అనుమతి తీసుకోలేదు.

ఉమ్మడి మండలంలో రెండు సాధనాలు ఏకీభవించనప్పుడు మూడో ప్రామాణిక సాధనం తీర్పు చెప్పే వరకు గాలి సమాచారం ప్రకటించరాదని మా నియమావళిలో పదిహేడో నియమం. ఆ మూడో సాధనం నీటి మీద తేలుతూ గాలిని కొలిచే బోయా. దాని టెండరు నాలుగేళ్లుగా నడుస్తోంది. అందాకా రోజూ తెల్లవారుజామున రేవులోని మా మైకు, ఉమ్మడి మండలంలో గాలి పరిశీలనలో ఉన్నది, తదుపరి ఉత్తర్వుల వరకు వేచియుండగలరు అని చదివేది. ఒకసారి గాలి వరుసగా పంతొమ్మిది రోజులు పరిశీలనలో ఉండిపోయింది. ఆ పంతొమ్మిది రోజుల్లోనే మా సైకిల్ షెడ్డు కప్పు లేచిపోయింది.

ఒకరోజు ఉపగ్రహం తూర్పుగాలి అంది, రాడార్ పడమటి గాలి అంది. ప్రధాన కార్యాలయంలో ఎవరో సర్దుబాటుగా రెండింటి సగటు తీయమన్నారు. తీస్తే సున్నా వచ్చింది. ఆ రోజు గాలి లేదని ప్రకటించాం. మా ఉప సంచాలకులు డాక్టర్ శయనం గారు ఆ కాగితం మీద సంతకం పెడుతుండగా అది టేబిల్ మీంచి ఎగిరిపోయింది. ఫైలు మీద రాయి పెట్టి మరీ సంతకం చేశారు.

శయనం గారు మంచి శాస్త్రవేత్త. మనసూ మంచిదే. ఆ సంతకం పెట్టాక మాత్రం ఆయన రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. సాయంత్రం ఒడ్డున పచార్లు చేయడం మొదలుపెట్టారు. అక్కడే దానయ్యమ్మ కంటపడింది.

దానయ్యమ్మకు అరవై దాటి ఉంటాయి. భర్త కొర్లయ్య ఇంకా వేటకు వెళ్తాడు. ఆమె మా కంచె పక్కన ఇసుకలో పాత వలలు పరిచి నెత్తళ్లనే చిన్నచేపలు ఎండబెడుతుంది. నోట్లో అడ్డపొగ ఉంటుంది, అంటే చుట్ట నిప్పు వైపు లోపల పెట్టుకుని కాల్చడం. ఒక మధ్యాహ్నం ఎండ ఫెళ్లున కాస్తుండగా ఆమె ఉన్నట్టుండి లేచి, సగం ఎండిన చేపలన్నీ తట్టలకెత్తి గోనెపట్టా కప్పేసింది. ఎందుకని శయనం గారు అడిగితే, గాలి తిరుగుతుందని చెప్పింది. ఉపగ్రహమూ రాడారూ ఆ రోజు అరుదుగా ఏకీభవించి, గాలి తిరగదన్నాయి. ముప్పావుగంటలో తిరిగింది. ఇసుకా తుంపరా మా కిటికీల్లోంచి లోపలికొచ్చి కంప్యూటర్ల మీద పడ్డాయి.

ఆయన మూడు నెలలపాటు రోజూ ఆమెను అడిగి, నోటుపుస్తకంలో రాసుకున్నారు. ఆ మధ్యనే పరిశోధన ఓడ ఒకటి ఉమ్మడి మండలంలో నెల రోజులు లంగరేసి గాలిని కొలిచింది. ఆ అంకెలు తెప్పించి పక్కపక్కన పెట్టారు. పదింట తొమ్మిదిసార్లు దానయ్యమ్మ చెప్పిందే నిజం. తప్పిన ఆ ఒక్కసారి ఆమెకు జ్వరం.

శయనం గారు ఆమెను ఉద్యోగంలోకి తీసుకోవాలని రాశారు. పరిశీలకుల పోస్టుకు భౌతికశాస్త్రంలో పట్టా ఉండాలి, వయసు ఇరవై ఎనిమిది దాటరాదు అని జవాబొచ్చింది. దినకూలీగా తీసుకుంటామంటే, దినకూలీలు గడ్డి కోయవచ్చును గాని గాలి చెప్పరాదు అన్నారు. ఈలోగా మార్చి నెలాఖరు దగ్గరపడింది. బోయా రాలేదు కాబట్టి, ప్రామాణిక సాధనం కోసం మంజూరైన బడ్జెట్టు మురిగిపోయేలా ఉంది. అప్పుడు నియమావళిని అటూ ఇటూ తిప్పి చూసింది నేనే. ఆ పాపం నాదే. అందులో సాధనమంటే ఇలా ఉంది: గాలి దిశను, వేగమును తెలియజేయు ఏదేని వస్తువు, వ్యవస్థ లేక ఏర్పాటు. దానయ్యమ్మ వస్తువు కాదు, వ్యవస్థా కాదు. ఏర్పాటు అనడానికి అభ్యంతరం ఏముంటుందని నేను అడిగాను. శయనం గారు చాలాసేపు కిటికీలోంచి ఆమెనే చూసి, సరే రాయండి వరహాలు, అన్నారు.

ఆమెను అడగకుండా రాయడం ధర్మం కాదని వెళ్లి అంతా చెప్పాను. ఆమె శ్రద్ధగా వింది.

"నానేటి సెయ్యాలి బావూ?"

ఇప్పుడు కూర్చున్నచోటే కూర్చోవాలి, ఇప్పుడు చెప్పేదే చెప్పాలి అన్నాను. కంచె లోపల కూర్చుంటే ఆమె చేపలకు కుక్కల బెడద కూడా ఉండదన్నాను. ఆ చివరి మాటకే ఒప్పుకుంది. సాధన నిర్వహణ కింద రెండు పూటలా భోజనం, వినియోగ సామగ్రి కింద రోజుకు ఆరు చుట్టలు మంజూరయ్యాయి. ప్రతి సాధనానికీ నంబరు పలక ఉండాలి కాబట్టి నూట పద్నాలుగు అని చెక్కిన అల్యూమినియం బిళ్ల ఇచ్చాను. దాన్ని తాళాల గుత్తికి తగిలించుకుంది.

ఆ ఏడు కేంద్రం చరిత్రలోనే మంచి ఏడు. తెల్లారకముందే దానయ్యమ్మ వచ్చి, కాసేపు మొగ వైపు చూసి, కొండగాలి అనో పైరగాలి అనో చెప్పేది. దాన్ని నేను సెకనుకు మీటర్లలోకి మార్చి లోపలికి పంపేవాణ్ని. లోపలివాళ్లు హైదరాబాదుకు పంపేవారు. అక్కడ ఆమోదం పొంది తిరిగొచ్చి, మైకులో, ఉమ్మడి మండలమున పశ్చిమ వాయవ్య దిశ నుండి సెకనుకు ఆరు మీటర్ల వేగముతో పవనము వీచు సంభావ్యత కలదు అని వినిపించేది. జాలర్లు పడవలాపి కంచె దగ్గరికొచ్చి, అదేమిటని దానయ్యమ్మను అడిగేవారు. కొండగాలి అని ఆమె చెప్పేది. వాళ్లు వెళ్లిపోయేవారు. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

హైదరాబాదులో ఉపగ్రహ విభాగం వాళ్లు ఈ మూడో సాధనం ఖచ్చితత్వం చూసి ముచ్చటపడ్డారు. తమ లెక్కల్లో తప్పును దీనితో సరిదిద్దుకుని, దానికి మొగపేట సవరణ అని పేరు పెట్టి పెద్ద వ్యాసం రాశారు. సాధనం తయారీదారు ఎవరని వాళ్లు అడిగితే, గనగళ్ల వారు అని రాశాను. అదేదో జపాను కంపెనీ అనుకున్నారు.

పేరొస్తే పరీక్షలూ వస్తాయి. ప్రతి ప్రామాణిక సాధనాన్నీ ఏటా సరిచూడాలన్న నియమం ప్రకారం ఇద్దరు ఇంజినీర్లు వచ్చారు. సాధనాన్ని ఒక గదిలో పెట్టి, తెలిసిన వేగంతో గాలి వదిలి, అది ఎంత చూపిస్తుందో చూడటం పద్ధతి. దానయ్యమ్మను సమావేశ మందిరంలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఉత్తరం మూల పెద్ద ఫ్యాను పెట్టి వదిలారు. ఇప్పుడు గాలి ఎటు నుంచి వస్తోందో తెలుపవలసిందని కోరారు.

"ఇది గాలి కాదు బావూ, ఫేను," అంది. "ఆపీయండి, సలేస్తంది."

ఫ్యాను దక్షిణం మూలకు మార్చారు. అదే జవాబు వచ్చింది. వేగం పెంచారు. కొంగు తల నిండా కప్పుకుని, అప్పుడూ అదే చెప్పింది. సాధనం గాలి దిశను గాక గాలి మూలాన్ని చూపుతున్నది, ఇది ఇతర సాధనములలో కానరాని అదనపు గుణము, అని వాళ్లు నివేదిక రాసి, భోజనం చేసి వెళ్లారు.

ఆ తర్వాత ఆమె కదలికల మీద ఉత్తర్వు వచ్చింది. ప్రామాణిక సాధనం నిర్ణీత స్థానం నుంచి ఒక మీటరుకు మించి జరగరాదు. ఆమె చుట్టూ ఇసుక మీద సుద్దపొడితో గీత గీశాం. అదే నెలలో ఊళ్లో అమ్మవారి సంబరం. వెళ్తానంది. సాధనాన్ని కేంద్రం దాటించాలంటే గేటు పాసు కావాలి. తిరిగి తేవలసిన వస్తువు అన్న గులాబీ కాగితం మీద రాసి, తీసుకువెళ్లు వ్యక్తిగా కొర్లయ్య చేత వేలిముద్ర వేయించాను. వస్తువు మంచి స్థితిలో ఉన్నదా అన్నచోట ఏం రాయాలని కొర్లయ్యను అడిగాను. పెళ్లయిన నాటి నుంచీ నోరు కొంచెం ఎక్కువే తప్ప మరే లోపమూ లేదన్నాడు. మంచి స్థితి అని రాశాను. నాలుగు రోజులకు అతనే తెచ్చి అప్పగించి రసీదు అడిగాడు. అప్పటి నుంచి ఆమె ఎక్కడికి వెళ్లాలన్నా గులాబీ కాగితం కోసం కొర్లయ్యే వచ్చేవాడు. నాకూ అతనికీ స్నేహం కలిసింది.

ఇంత సాఫీగా నడుస్తున్న కేంద్రానికి ఆడిట్ వచ్చింది.

ఆడిట్ అధికారి త్రిలోచనరావు గారు మనిషి మృదువు. ఒక్కొక్క వస్తువును రిజిస్టరులో వేలు పెట్టి, బయట చూసి టిక్కు పెడతారు. నూట పద్నాలుగో నంబరు దగ్గర ఆగారు. నేను ఆమెను చూపించాను. ఆయన కళ్లజోడు సర్దుకుని చూశారు. సాధనం మనిషి కావడం గురించి ఒక్క ముక్క అడగలేదు. తయారైన తేదీ గడి ఖాళీగా ఉందేమని అడిగారు.

దానయ్యమ్మను అడిగితే, పెద్ద గాలివానొచ్చిన ఏడాది పుట్టానంది. ఆ లెక్కన అరవై నాలుగేళ్లు తేలాయి. త్రిలోచనరావు గారి ముఖం గంభీరంగా మారింది. తీరప్రాంత సాధనాలు ఉప్పుగాలికి తుప్పు పడతాయి కాబట్టి వాటి ఉపయోగకాలం ఏడేళ్లని నియమం. ఏడు దాటిన సాధనాన్ని పనికిరానిదిగా ప్రకటించి తొలగించాలి. ఈ సాధనం యాభై ఏడేళ్లు అదనంగా పనిచేసిందని ఆయన అభ్యంతరం రాశారు.

శయనం గారు ఎనిమిది పేజీల జవాబిచ్చారు. ఇందులో తుప్పు పట్టే భాగాలు లేవన్నారు. వెండి కడియాలు మాత్రమే ఉన్నాయని, అవి సాధనంలో భాగం కావని వివరించారు. ఏమీ ఉపయోగం లేకపోయింది. నాలుగేళ్ల టెండరు ముగిసి బోయా వచ్చింది కూడా ఆ వారమే. ఇక సాకు లేదు. తొలగింపు సంఘం కూర్చుంది. పనికిరాని సాధనాలు మళ్లీ ఎవరూ వాడకుండా పగలగొట్టాలని మొదటి నియమం. శయనం గారు కుర్చీలోంచి లేచి, ఆ పని చేయడానికి మీలో ఎవరు వస్తారో పేరు రాసివ్వండి అని అడిగారు. ఎవరూ రాసివ్వలేదు. అప్పుడు రెండో నియమం వాడారు. బహిరంగ వేలం. అంతవరకు సదరు సాధనం చెప్పే గాలిని ఎవరూ వాడరాదు.

ఆ ఉత్తర్వు ఆమెకు అందించవలసింది స్టోర్‌కీపర్. వెళ్లి చదివాను. ఆఫీసు భాషలో ఉందని అర్థం చెప్పమంది. మెల్లగా చెప్పాను.

"పనికిరాదని రాసీసినారేటి?"

ఉత్తర్వు మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆమె నోట్లోంచి చుట్ట తీసి ఇసుకలో ఆర్పేసింది.

"నెత్తళ్లైతే పురుగట్టినాక పారేత్తాం. నాకేటి పురుగట్టిందని బావూ?"

తాళాల గుత్తి నుంచి బిళ్ల విప్పి నా చేతిలో పెట్టింది. చేపలు తట్టకెత్తుకుని కంచె బయటికి నడిచింది. సుద్ద గీత దాటుతుండగా ఆపవలసిన మనిషిని నేనే. ఆపలేదు. ఆ సాయంత్రం కొర్లయ్య వచ్చి, ఆమె అన్నం ముట్టలేదని, నన్ను తిట్టిందని, తిట్లలో సగం తనకూ వచ్చాయని చెప్పాడు. వేలంలో తను పాడొచ్చునా అని అడిగాడు. పాడొచ్చని చెప్పాను. ముందువరసలో నిలబడతానన్నాడు.

సెప్టెంబరు నెలలో మంచిరోజు చూసి వేలం పెట్టారు. ఈలోగా ఆ వార్త తీరమంతా పాకింది. మొగపేట గాలమ్మను అమ్మేస్తున్నారట అని పై ఊళ్ల వాళ్లకు తెలిసింది. ఆమెను ఏ ఊరు పాడుకుంటే గాలి కబురు ఆ ఊరికే దక్కుతుందని ఎవరో అన్నారు. మొగపేట జాలర్లకు రోషమొచ్చింది. మన దానయ్యమ్మను పరాయి రేవు వాళ్లు పట్టుకుపోతే మన ముఖం ఏం కావాలని పంచాయతీ పెట్టుకుని, వేలం రోజు ఊళ్లో ఒక్క పడవ కూడా నీటిలో దిగకూడదని కట్టుబాటు చేశారు. పక్క రేవుల వాళ్లూ వేట మాని, తెల్లారేసరికి గుంపులుగా మా ఇసుక దిబ్బ ఎక్కారు.

ఆ ఉదయం కేంద్రంలోనూ పండగే. ఉపగ్రహం, రాడార్, బోయా, మూడూ మొట్టమొదటిసారి ఏకీభవించాయి. ఉమ్మడి మండలంలో మందమారుతం అని మైకు రెండుసార్లు చదివింది. సిబ్బందికి మిఠాయి పంచారు. బోయా విషయంలో ఒక చిన్న మాట చెప్పాలి. దాన్ని సముద్రంలోకి తీసుకువెళ్లే ఓడకు అనుమతి ఇంకా రాలేదు. నీటిలో లేకపోతే పాడవుతుందని, తాత్కాలికంగా మా పెరట్లో నీళ్ల తొట్టిలో తేల్చారు. చుట్టూ ప్రహరీ ఉంది. అది ఎప్పుడు చూసినా మందమారుతమే చెబుతుంది.

పదిన్నరకు షామియానా కింద అధికారులు కూర్చున్నారు. త్రిలోచనరావు గారు ప్రత్యేకంగా వచ్చారు. దానయ్యమ్మ కొత్త చీర కట్టుకుని, వేలం వస్తువు అన్న బల్ల పక్కన, ఇచ్చిన కుర్చీ వద్దని కిందే కూర్చుంది. నన్ను చూసి ముఖం తిప్పుకుంది. శయనం గారు మైకు తీసుకుని, ఉన్నది ఉన్నచోట, ఉన్న స్థితిలో అన్న షరతుల కాగితం చదవసాగారు. కొర్లయ్య ముందువరసలో భుజాన కండువా సర్దుకుంటున్నాడు.

ఏడో షరతు దగ్గర దానయ్యమ్మ లేచి నిలబడింది. సముద్రం వైపు కాదు, వెనక కొండల వైపు చూసింది. అక్కడ నాకేమీ కనిపించలేదు. నా మీద కోపం మరిచిపోయి దగ్గరికొచ్చింది.

"వరహాలు బావూ, ఈ గుడారం తాళ్లు ఇప్పించీండి. కొండగాలొస్తంది. పిల్లలున్నారు, రాటలు పడిపోతాయి."

నేను త్రిలోచనరావు గారితో చెప్పాను. ఆయన ఎంతో మర్యాదగా, పనికిరానిదిగా ప్రకటించిన సాధనం ఇచ్చే సమాచారం మీద షామియానా విప్పితే ఆ ఖర్చు అభ్యంతరం కిందికి వస్తుందన్నారు. పైగా మూడు సాధనాలూ మందమారుతమంటున్నాయని గుర్తు చేశారు.

నెలల తరబడి ఆమె మాటను మీటర్లలోకి మార్చిన చేయి ఇది. నేను వెళ్లి షామియానా తాడు విప్పాను. ఉద్యోగంలో చేరాక రాతపూర్వకమైన ఉత్తర్వు లేకుండా నేను చేసిన మొదటి పని అదే. నన్ను చూసి జాలర్లు తలో తాడూ విప్పారు. గుడ్డ నేల మీదికి జారేలోపల కొండల మీంచి దుమ్ము గోడలా లేచింది. పిల్లల్ని లాక్కుని అందరూ ప్రహరీ చాటుకు పరుగెత్తారు. వేలం కాగితాలు, మిఠాయి పెట్టెలు, త్రిలోచనరావు గారి అభ్యంతరాల ఫైలు, అన్నీ మొగ దాటి సముద్రం మీదుగా తూర్పుకు వెళ్లిపోయాయి. ఆయన మా జెండా కర్రను కౌగిలించుకుని నిలబడ్డారు. కొర్లయ్య ఆయన్ని నడుం పట్టుకుని ఆపాడు.

గంటన్నర వీచింది. కొండగాలి పడవను ఒడ్డుకు రానివ్వదు, లోపలికి తోసుకుపోతుంది. మామూలు రోజైతే ఆ వేళకు మొగపేటవే అరవై పడవలు ఉమ్మడి మండలంలో ఉండేవి. మందమారుతమని మేం రెండుసార్లు చదివాం. గాలి తగ్గాక, ఇసుకలో వరుసగా బోర్లా పడున్న పడవలను చూస్తూ శయనం గారు తొట్టి గట్టు మీద కూర్చుండిపోయారు. పక్కన బోయా మందమారుతం చూపిస్తోంది.

ప్రధాన కార్యాలయం విచారణ జరిపింది. మూడు సాధనాలూ ఏకగ్రీవంగా తప్పు చెప్పిన రోజున ఒక్క ప్రాణమూ పోకపోవడానికి కారణం ఏమిటని అడిగింది. పడవలు వెళ్లకపోవడం అని రాశాం. ఎందుకు వెళ్లలేదని అడిగింది. వేలం చూడటానికి వచ్చారని రాశాం. నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. బహిరంగ వేలము వలన ప్రాణనష్టము పూర్తిగా నివారింపబడినట్లు గణాంకములతో రుజువైనందున, ఇకపై గాలి ప్రమాదము గల ప్రతి దినమునను విధిగా వేలము నిర్వహించవలెను.

ఏ రోజు ప్రమాదమో ముందుగా ఎలా తెలుసుకోవాలో అందులో లేదు. శయనం గారు ఆ ఉత్తర్వును మూడుసార్లు చదివి, చెప్పులేసుకుని, తనే కంచె బయటికి వెళ్లారు. పనికిరాని సాధనం చెప్పే గాలిని వాడరాదు, అది నియమం. కాని వేలం ఏ రోజు పెడితే వీలుగా ఉంటుందని వేలం వస్తువునే అడగరాదని ఏ నియమంలోనూ లేదు. ఇసుకలో ఆమె ఎదుట గొంతుక్కూర్చుని అడిగారు. తప్పయిందని కూడా అన్నారు. అది నాకు వినబడింది గాని ఫైలులో లేదు. దానయ్యమ్మ కాసేపు బెట్టు చేసి, చుట్టలు ఎప్పటిలాగే వస్తాయా అని అడిగింది. వేలం ప్రచార ఖర్చుల కింద వస్తున్నాయి.

ఇప్పుడు ఆమె వేటకు వద్దన్న రోజున నేను గేటు మీద నేడు వేలము అన్న ఎర్ర గుడ్డ కడతాను. అది రెండు మైళ్ల వరకు కనబడుతుంది. పడవలు పైకి లాగేస్తారు. పదకొండింటికి శయనం గారు మూడుసార్లు పిలుస్తారు. ఎవరూ పాడరు. పరాయివాళ్లు ఎవరైనా నోరు తెరుస్తారేమోనని కొర్లయ్య మాత్రం ప్రతిసారీ ముందువరసలో నిలబడతాడు. వేలం వాయిదా పడుతుంది. ఎనిమిదిసార్లు వాయిదా పడింది. ఎనిమిదిసార్లూ గాలొచ్చింది.

ఈ పద్ధతి తీరమంతా అమలుచేయాలని ఆదేశం వెళ్లింది. పక్క జిల్లా కేంద్రం వాళ్లు, తమ వద్ద వేలానికి తగిన వస్తువు లేదని, మా వస్తువును వారానికి రెండు రోజులు అరువు పంపమని రాశారు. దానయ్యమ్మను అడిగాను. ఆ రేవు గాలి తనకెలా తెలుస్తుందని, అక్కడా చేపలు ఎండబెట్టుకునే ఆడవాళ్లు ఉంటారు, వాళ్లనే అడగమని చెప్పమంది. ఆ సంగతే ఆఫీసు భాషలో పెట్టి పంపాను. అట్టివారిని టెండరు ద్వారా ఎంపిక చేయుటకు సాంకేతిక అర్హతలు తెలుపగలరు అని తిరుగుటపాలో వచ్చింది.

మళ్లీ వెళ్లి అడిగాను. ఆమె వలమీది నెత్తళ్లను చేత్తో తిరగేస్తూ ఆలోచించింది. రోజూ ఒక్కచోటే కూకోవాలంది. తొందర ఉండకూడదంది. ఇంకేమైనా ఉందా అన్నాను.

"సరుకు ఆల్లదే అయ్యుండాలి బావూ. పరాయోల్ల సరుకైతే గాలి తెలవదు."

మూడు అర్హతలూ అలాగే రాసి పంపాను. మూడోది అర్థం కాలేదని, తగు వివరణ ఇవ్వవలసిందని నిన్న ఉత్తరం వచ్చింది.